దీనమ్మ పెద్దమ్మ కోసం నేను చేసిన ప్రార్థన

ప్రార్థన చేసి మనుషుల్ని బాగుచేసినవాళ్ళ గురించి మీరు వినే ఉంటారు. ప్రార్థన చేసి ఒక మంచి మనిషిని ఊరంతటి ముందు తలదించుకునేలా చేసినదాన్ని నేను. అదీ ఉపవాసం ఉండి మరీ చేశాను. ఆ పూట కడుపులో కాస్త గంజి పడి ఉంటే ఇంత అనర్థం జరిగేది కాదని ఇప్పటికీ నా అనుమానం.

రెండు వేల సంవత్సరం ఇంకా రాలేదు. వినుకొండ వైపు మా ఊళ్ళో నేను డిగ్రీ చదివే పిల్లని, పైగా టీచరుగారి అమ్మాయిని. అయితే నాకు పేరు తెచ్చింది చదువు కాదు, ప్రార్థన. నేను మొదలుపెడితే చంటిపిల్లలు ఒక నిద్ర తీసి లేచేవాళ్ళు. మా వైపు ప్రార్థనకు ఒక పద్ధతి ఉంది. "ప్రభువా, నీకు తెలియనిది కాదు" అని ఎత్తుకుని, ఏమీ తెలియనివాడికి చెప్పినట్టు ఊళ్ళో సంగతులన్నీ పేర్లతో సహా చెప్పాలి. ఫలానా వారి గేదె ఈనలేదు, ఫలానా వారి అల్లుడు మాట వినడం లేదు. ఆ విద్యలో నన్ను మించినవాళ్ళు లేరు.

దీనమ్మ పెద్దమ్మ మాకు చుట్టం కాదు గానీ పేటలో అందరికీ పెద్దమ్మే. మిరప కల్లాల్లో కూలికి వెళ్ళేది. చర్చిలో మాత్రం స్త్రీల సమాజానికి పెద్ద. అరవై దాటినా కీర్తనలు గడగడా చెప్పేది. ఒక ఆదివారం ఆమె పక్కన కూర్చున్నాను. పాస్టరు అయ్యగారు అందరినీ కలిసి కీర్తన చదవమన్నారు. పెద్దమ్మ ఒళ్ళో బైబిలు తెరిచి, వేలు జరుపుకుంటూ, ఒక్క తప్పు లేకుండా చెప్పేస్తోంది. తీరా చూస్తే ఆ వేలు జరుగుతున్నది కీర్తనల్లో కాదు, ఆదికాండంలో. నేను చూశాను. నేను చూసిన సంగతి ఆమె చూసింది.

మర్నాడు కల్లం దారిన పోతుంటే నన్ను పక్కకు పిలిచింది. చిన్నప్పటినుంచీ విని విని నోటికి వచ్చినవే తప్ప తనకు అక్షరం ముక్క రాదని చెప్పింది. ప్రతి ఏడూ స్త్రీల ఆదివారం నాడు వాక్యం చదవమంటే కళ్ళజోడు మర్చిపోయానని తప్పించుకుంటోందట. అది నిజమే అనుకున్న అయ్యగారు ఈసారి చర్చిలోనే ఒక కళ్ళజోడు తెచ్చి పెట్టారట. పాపం, ఇక దారి లేదు.

"నోటికొచ్చింది ఒప్పజెప్పడం కాదే. చచ్చేలోపు ఒక్కసారన్నా నా కళ్ళతో చదివి దేవుడికి వినిపించాలి," అంది. "ఎవరికీ చెప్పమాక."

చెప్పనని బైబిలు మీద చెయ్యి వేశాను. ఆ చెయ్యి నాదే, నోటి సంగతి మాత్రం అప్పుడు ఆలోచించలేదు.

కాలేజీ లేని రోజుల్లో, అందరూ అన్నాలకు లేచినప్పుడు మేమిద్దరం రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నట్టు ఓ మూల కూర్చునేవాళ్ళం. ఆమె మిరప తొడిమతో మట్టిలో అక్షరాలు దిద్దేది, ఎవరైనా వస్తుంటే అరచేత్తో చెరిపేసేది. మిరప ఘాటు అంటిన ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుని మంటకు ఏడ్చేది, మళ్ళీ దిద్దేది. 'క్ష' రాసి చూపిస్తే, ఇది అక్షరమా, బావిలో బిందెలు తీసే గాలమా అని అడిగింది. మూడు నెలలు తిరిగేసరికి స్త్రీల ఆదివారానికి చదవాల్సిన ఆరు వచనాల కీర్తనలో నాలుగు కూడబలుక్కుంటూ చదివేసింది. ఆ రోజు ఆమె ముఖం చూసి, ఇదంతా నా గొప్పే అనుకున్నాను. అనుకుని ఊరుకుంటే బాగుండేది.

స్త్రీల ఆదివారం ఇంకా రెండు రోజులుందనగా, శుక్రవారం ఉపవాస కూడిక. చర్చికి అప్పుడే కొత్త మైకుసెట్టు వచ్చింది. గంట గోపురం మీద రెండు హారన్లు, ఒకటి ఊరి వైపు, ఒకటి పొలాల వైపు. అయ్యగారు మైకు నా చేతికిచ్చి ప్రార్థన చేయమన్నారు. గేదెలు అయ్యాయి, అల్లుళ్ళు అయ్యారు. ఇంకా ఊపిరి మిగిలింది.

"ప్రభువా, నీకు తెలియనిది కాదు. అక్షరం రాకపోయినా ఇన్నేళ్ళూ చదువుతున్నట్టు బైబిలు పట్టుకు కూర్చున్న నీ దాసురాలు దీనమ్మగారికి, అల్పురాలినైన నా చేత అక్షరాలు దిద్దిస్తున్నావు, నీకు స్తోత్రం."

'అల్పురాలినైన నా చేత' అన్న ముక్క కోసమే మిగతాదంతా చెప్పానని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు కళ్ళు తెరిచాక అర్థమైంది. ఎవరూ ఆమేన్ అనలేదు. మా అమ్మ నా వంక చూసిన చూపుకు కొత్త మైకు కూడా కీచుమంది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మా ఊళ్ళో అంత దూరం పోనక్కర్లేదు, మైకు దాటితే మిరప కల్లాలు దాటుతుంది. పెద్దమ్మ ఆ రోజు కూడికకు రాలేదు, కల్లంలోనే ఉంది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి కాయలు ఏరే ఆడవాళ్ళంతా తలలు వంచుకుని ముసిముసిగా నవ్వుతున్నారు. ఒకామె పలక తెప్పించమంటావా పెద్దమ్మా అని అడుగుతోంది. పెద్దమ్మ కాయలు ఏరుతోంది. మంచి కాయలు కూడా తాలు గుట్టలో వేసేస్తోంది.

"నేను దేవుడికే చెప్పాను పెద్దమ్మా," అన్నాను.

ఆమె తలెత్తలేదు. "దేవుడికి చెప్పడానికి మైకెందుకే?" అంది.

ఆమె పక్కన కూర్చుని, తాలు గుట్టలో పడ్డ మంచి కాయలు ఏరి వెనక్కి వేశాను.

స్త్రీల ఆదివారం నాడు పెద్దమ్మ చర్చికి వచ్చింది గానీ బైబిలు తేలేదు. చివరి వరసలో కూర్చుంది. వాక్యం నన్ను చదవమన్నారు. ఒక్క తప్పు లేకుండా చదివాను, బాగా చదివావని నలుగురూ మెచ్చుకున్నారు. ఆ మెప్పంత చేదు మళ్ళీ నేను రుచి చూడలేదు. తర్వాత ఎన్నిసార్లు కల్లానికి వెళ్ళి బతిమాలినా, ఆమె నాకు మజ్జిగ ఇచ్చింది, మంచి మాట చెప్పింది, తొడిమ మాత్రం మళ్ళీ పట్టలేదు. ఆ కీర్తనలో మిగిలిన రెండు వచనాలూ చదవకుండానే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. దిద్దించినదాన్ని నేనే, చెరిపేసినదాన్నీ నేనే.

కాబట్టి ఇందుమూలంగా సమస్త సంఘానికీ ప్రమాణపూర్వకంగా తెలియజేయడమేమంటే, ఇక నా జన్మలో మైకు ముందు ప్రార్థనలో ఎవరి పేరూ ఎత్తను. ఎవరిదైనా గుట్టు దేవుడికి విప్పి చెప్పి తీరాలని నాలుక మరీ దురద పెడితే, నాదే చెబుతాను. అందుకు ఉపవాస కూడిక ఒక్కటి చాలదు, నలభై రోజులు పెట్టించాలి.