నల్లసోయా సంచికి వేసిన ముడి

ఆ రోజుల్లో నా దగ్గర ఉన్నవి రెండే: ఏడాది కాంట్రాక్టు ఉద్యోగం, ఎవరినీ నమ్మని బుద్ధి. (ఉద్యోగం ఆ ఏడాదితోనే పోయింది, బుద్ధి చాలాకాలం ఉంది.) వరంగల్‌లో ఓ ల్యాబులో సోయా రకాలను పరీక్షించి, ఒంటికి మేలు చేసే ఐసోఫ్లేవోన్ల లాంటివి ఏ రకంలో ఎక్కువున్నాయో చూడటం మా పని. పసుపు గింజల రకాలు నాలుగు, నల్లతోలు రకం ఒకటి. నల్లవి దొరకడమే కష్టం. మా దగ్గరున్నది చిన్న గుడ్డసంచీడు. అవి పోతే పరీక్ష ఆగుతుంది, నా ఉద్యోగమూ ఆగుతుంది.

ఎండాకాలం మొదట్లో ఓ పొద్దున తూస్తే ఆ సంచి బరువు కొంచెం తగ్గింది. నా అనుమానం తిన్నగా మా గది ఊడ్చే ఆమె మీదికి పోయింది. నేతవాళ్లుండే కొత్తవాడ నుంచి వచ్చేది కాబట్టి అందరం కొత్తవాడక్క అనేవాళ్లం. వారం కిందటే ఆమె మోకాళ్లు పట్టుకుని కూర్చుని, "ఈ గింజలల్ల ఏవి మంచియి బిడ్డా?" అని అడిగింది. "నల్లయి అక్కా. బొక్కలకు, కీళ్లకు మంచిగుంటదట" అన్నాను, అప్పటికి ఒక్క పరీక్షా పూర్తి కాకపోయినా. అంటే దొంగకు దారి చూపింది నేనే అన్నమాట.

సంచి మూతికి దారం చుట్టి, నాకొక్కడికే తెలిసిన ముడి వేశాను. మర్నాడు ముడి ఉన్నట్టే ఉంది, బరువు మాత్రం ఇంకా తగ్గింది. ఇంకొకడైతే పాపం ఆమె తప్పేమీ లేదనుకునేవాడు. నేను మాత్రం, జంపఖానాలు నేసే ఇంటి మనిషికి ముడి విప్పి మళ్లీ అచ్చం అలాగే వేయడం ఎంత పని, అనుకున్నాను. ముడి చెదరకపోవడమే ఆమె చేతివాటానికి రుజువైంది. సంచిని ఆమెకు అందకుండా గింజలు ఆరబెట్టే ఓవెన్ మీద, ఎత్తులో పెట్టాను. (నా తెలివికి నేనే మురిసిపోయాను.) రెండు రోజుల్లో బరువు మరీ దిగింది. ఇక ఆగలేక పెద్దసారు దగ్గరికెళ్లి, ఆమెను పనిలోంచి తీసేయమన్నాను.

సారు ఇద్దర్నీ పిలిచారు. అక్క సంచిని అటూ ఇటూ తిప్పి ముడి చూసింది. "గిది నేనేసిన ముడి కాదు సార్. మా ఇంట్ల చిన్నపోరలు గూడ గింత గలీజుగ ఎయ్యరు" అంది.

సారు సంచిలో చెయ్యి పెట్టి నా వైపు చూశారు. "ఇదెక్కడ పెట్టినవ్?"

"ఓవెన్ మీద సార్, జర సేఫ్ ఉంటదని."

"ముందు ఎండలకు, ఇప్పుడు ఓవెన్ వేడికి గింజల తడి పోతాంది. తడిని గూడ అక్కనే ఎత్తుకపోయిందా?"

ఆ వేడి తిన్న గింజలు పరీక్షకు పనికిరాలేదు. మళ్లీ నల్లవి వెతికి తేవడానికి నేనే తిరిగాను. అది పెద్ద శిక్ష కాదు. "తప్పయింది అక్కా" అంటే, "ఏం గాదు సారూ" అంది. అంతకుముందు బిడ్డా అనేది. ఆ రోజు నుంచి గది ఊడ్చాక నా ఎదుట నిలబడి, రెండు అరచేతులూ విప్పి చూపించి వెళ్లేది. నాకు సిగ్గుతో తల లేచేది కాదు. నవ్వుతూ చూపించేదో, కోపంగా చూపించేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు నా మోకాళ్లకూ ఆమె వయసొచ్చింది. వంటింట్లో సోయా డబ్బా ఎత్తితే ఒక్కోసారి తేలిగ్గా అనిపిస్తుంది. మా ఆవిడను అడగబోయి ఆగిపోతాను. ముందు నా అరచేతులు రెండూ విప్పి చూసుకుంటాను.