ప్రతివాది పెళ్ళికొడుకు

నేను నోరు తెరిచి ఒక్క మనిషిని పిలిచిన పాపానికి పెళ్ళివారి విడిది మొత్తం ఖాళీ అయిపోయింది. పెళ్ళికొడుకు కొబ్బరిచెట్టెక్కాడు. వాళ్ళ నాయన పులిహోర కలిపే అండాలో దూరాడు. ఇది అబద్ధమని ఎవరికైనా అనిపిస్తే ఉడుమలైపేట పక్కకు పోయి అడగండి. నా పేరు మాత్రం గట్టిగా చెప్పకండి. అక్కడ ఇంకా కొందరు పరుగెత్తుతారు.

అప్పటికి నాకు యాభై అయిదు దాటింది. ఒట్టి కుర్రతనం. ఇప్పుడు పళ్ళు పోయి బుద్ధి వచ్చింది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

మదురైలో దొరగారి కోర్టులో నేను పిలుపు బంట్రోతుని. వాది వచ్చాడా, ప్రతివాది వచ్చాడా, సాక్షి ఎక్కడ చచ్చాడు అని దొరగారు లోపల గొణిగితే, నేను వరండాలో నిలబడి ఆ పేరు మూడుసార్లు అరవాలి. నెత్తిన తలపాగా, భుజం మీదుగా ఎర్రగుడ్డ పట్టీ, అదే డవాలు, దాని మీద ఇత్తడి బిళ్ళ. నా గొంతు సంగతి నేను చెప్పుకోకూడదు గానీ, చెప్పకపోతే ఈ కథ మీకు అర్థం కాదు. నేను వరండాలో "సుబ్బా నాయుడూ" అని పిలిస్తే, వైగై ఏట్లో గేదెలు కడుక్కునే ఇంకో సుబ్బా నాయుడు తడిబట్టలతో వచ్చి నిలబడి, "సామీ, నేనేం జేస్తిని?" అని ఏడ్చేవాడు. అలాంటి గొంతు.

ఒకనాడు దొరగారు నన్ను లోపలికి పిలిచి, తనకు వచ్చిన విరిగిన అరవంలో, "నువ్వు ముసలి. ఇంటికి పో. సంతోషం" అన్నారు. ఆ సంతోషం ఎవరిదో నాకు ఇప్పటికీ తేలలేదు. బిళ్ళ ఊడదీసుకుని పింఛను ఇచ్చి పంపించారు. ఎర్ర డవాలు మాత్రం ఎలాగో నా పెట్టెలోకి వచ్చి చేరింది. ఎలాగని అడగకండి, గుడ్డలకు కాళ్ళుంటాయి.

మా వీధిలోనే పింఛను పుచ్చుకున్న తాసీల్దారు ఒకాయన వంకాయలు పండించుకుంటూ హాయిగా నవ్వుతూ తిరిగేవాడు. ఆయన ఒక పొద్దు నన్ను ఆపి అడిగాడు.

"ఏమయ్యా, పని మానినాక బెంగగా ఉండాదా?"

"నాకేం బెంగ లేదండీ. పనికే నా మీద బెంగ పట్టుకున్నట్టుంది. ఇంటిదాకా వెంబడే వచ్చేసింది" అన్నాను.

నిజంగానే వచ్చింది. తెల్లారగానే పెరట్లో నిలబడి, "ఎర్రావు! ఎర్రావు! ఎర్రావు! హాజర్!" అని పిలిచేవాణ్ణి. వారం తిరక్కుండా అది పాలు చేపడం మానేసింది. మనవళ్ళను అన్నానికి పిలిస్తే వాళ్ళు చేతులు కట్టుకుని వచ్చి గోడవారన నిలబడేవారు.

"మేం తియ్యలేదు తాతా."

"ఏంది తియ్యలేదురా?"

"ఏదీ తియ్యలేదు."

పక్కింటావిడ మా కోడలితో మజ్జిగ విషయం మాట్లాడుతుంటే, "సద్దు చెయ్యొద్దు! ఒకరి తరువాత ఒకరు చెప్పుకోండి" అని కసిరాను. ఆవిడ మజ్జిగా వద్దు, మాటా వద్దని గుమ్మం దిగి వెళ్ళిపోయింది. ఇక నా భార్య ఆండాళ్ళు నెత్తి కొట్టుకుంది.

"మీరు పనిలో ఉన్నన్నాళ్ళూ కోర్టు ఊరవతల ఉండె. ఇప్పుడు అదే వచ్చి మా వంటింట్లో కూర్చునింది. ఏం పాపం జేస్తిమి సామీ!"

సరిగ్గా అప్పుడే ఉడుమలైపేట నుంచి పెళ్ళి పిలుపు వచ్చింది. ఆండాళ్ళు అన్న వెంకటపతి కూతురు లచ్చుమికి పెళ్ళి. నన్ను ఇంట్లో వదిలితే ఆవు పోతుంది, తీసుకుపోతే పరువు పోతుంది. ఆండాళ్ళు బాగా ఆలోచించి ఆవును బతికించింది.

బండి పళని దాటేదాకా ఒకటే పాఠం. "ఆడ నోరు తెరవగూడదు. అన్నానికి తప్ప తెరవగూడదు. సరేనా?"

"సరే."

"మూటలో ఆ ఎర్రగుడ్డ ఎందుకు?"

"చలికి."

"మండే ఎండాకాలంలో చలా?"

"అది కొండగాలమ్మా, నీకు తెలీదు."

పెళ్ళినాడు పొద్దున్నే ఊరంతా కొబ్బరిమట్టల పందిళ్ళే. పెళ్ళికొడుకు వాళ్ళకు మా బావ తన తోటలో, బావి పక్కన పెద్ద కొట్టంలో విడిది ఇచ్చాడు. వంట కూడా అక్కడే. నేను బుద్ధిమంతుడిలా పందిరి గుమ్మంలో పన్నీరు బుడ్డి పట్టుకుని, వచ్చినవాళ్ళ మీద చిలకరిస్తూ నిలబడ్డాను. ఒక్కమాట మాట్లాడలేదు. మా బావ వచ్చి నన్ను చూసి, "బావకు ఒంట్లో బాగలేదా?" అని చెల్లెల్ని గుసగుసగా అడిగాడు కూడా.

అంతలో అయ్యవారు పీటల మీంచి తొందరపెట్టారు. "ముహూర్తం దగ్గరికొచ్చె. పెళ్ళికొడుకును పిలవండి."

మా బావ పిలవబోయాడు. పెళ్ళిపనుల్లో నాలుగురోజులుగా అరిచి అరిచి గొంతు పోయింది పాపం. నోరు తెరిస్తే తుప్పుపట్టిన తలుపులా కిర్రుమంది తప్ప మాట రాలేదు. నాదస్వరం వాళ్ళు ఒకపక్క దంచేస్తున్నారు. ఎవరి కేక ఎవరికీ వినబడటం లేదు. అయ్యవారు మళ్ళీ అరిచారు.

"పిలిచేవాళ్ళే లేరా ఈ ఇంట్లో?"

చూడండి, నన్ను తిట్టేముందు ఒక్కసారి మీరే నా చోట నిలబడి చూడండి. నెలల తరబడి పచ్చిగడ్డి కనబడని ఎద్దు ముందర ఎవరో పచ్చిక మోపు విప్పారు. నా చేతిలోని పన్నీరు బుడ్డి ఎవరి చేతికి పోయిందో తెలీదు. డవాలు నా భుజం మీదికి ఎప్పుడొచ్చిందో తెలీదు. తలపాగా ఎలా బిగిసిందో అసలే తెలీదు. తెలివి వచ్చేసరికి విడిది కొట్టం వాకిట్లో నిటారుగా నిలబడి ఉన్నాను.

ఇక పిలుపు. మా కోర్టులో మనుషులు రెండే రకాలు. మా లచ్చుమి వాళ్ళు మనవాళ్ళు, కనుక వాదులు. మరి ఎదుటివాళ్ళు? నాకు ఇందులో అనుమానమే రాలేదు. ఊపిరి బిగబట్టి వదిలాను.

"ప్రతివాది! కొండప్ప నాయుడి కొడుకు రామప్ప నాయుడూ! హాజర్!"

రెండోసారి పిలిచేసరికి నాదస్వరం ఆగిపోయింది. మూడోసారి పిలిచేసరికి కొబ్బరిచెట్ల మీది కాకులన్నీ లేచాయి. కొట్టంలో ఏదో దబదబమని చప్పుడు. పెళ్ళివారు బయలుదేరుతున్నారని మురిసిపోయాను. బయలుదేరారు, నిజమే. వెనక దారిన.

కాసేపు చూసి లోపలికి తొంగి చూస్తే ఒక్క ముసలమ్మ మిగిలింది. పెళ్ళికొడుకు అవ్వ. చెవుడు. గోడకు ఆనుకుని ఆకు వక్క దంచుకుంటోంది.

"అవ్వా, మీవాళ్ళంతా యాడికి పోయినారు?" అని చెవిలో అరిచాను.

"ఏమోనప్పా, అందరూ ఒక్కసారిగా పెరట్లోకి ఉరికినారు. చెంబు గూడా పట్టుకోలేదు. పొద్దున ఏం తినిండారో ఏమో" అంది.

నేను పెరట్లోకి పరుగెత్తాను. జరీ పంచెలు కంచె మీద చిరుగులై వేలాడుతున్నాయి. దూరంగా జొన్నచేలో తలపాగాలు మునుగుతూ తేలుతూ పోతున్నాయి. పొయ్యి దగ్గర వంటమనిషి ఒకడు గరిటెతో బోర్లించిన అండా మీద కొడుతున్నాడు.

"అయ్యా, బయటికి రాండి! అన్నం వార్చేసినాను, పులిహోర కలపాల!"

"కొండప్ప నాయుడు లేడని చెప్పు" అంది అండా.

అప్పుడు వంటమనిషి చెబితే తెలిసింది సంగతి. కిందటి నెలలో వాళ్ళ ఊరివాళ్ళంతా ఏకమై, నీళ్ళు తమ చేలకు మళ్ళేలా సర్కారు కాలవ గట్టు తెగ్గొట్టారట. మొదటి పార వేసినవాడు మా పెళ్ళికొడుకట. కోర్టు మనిషి ఎప్పుడొస్తాడా అని ఊరు ఊరంతా ఆకు కదిలినా ఉలిక్కిపడుతోంది. ఆ సమయానికి ఎర్ర డవాలు వేసుకుని నేను.

"పెళ్ళికొడుకు ఏడీ?" అని అడిగాను. వాడు గరిటె పైకెత్తి చూపించాడు. బావి పక్కన అన్నిటికన్నా పొడుగాటి కొబ్బరిచెట్టు. దాని మొవ్వులో బాసికంతో సహా పెళ్ళికొడుకు.

"దిగు నాయనా! ముహూర్తం పోతాండాది!"

"జామీను ఎవరిస్తారో చెప్పండి, దిగతాను."

"జామీను లేదు, జైలు లేదు! నిన్ను పిలిచింది పెళ్ళికి!"

"పెళ్ళికి పిలిచేవాళ్ళు ప్రతివాదీ అంటారా?"

"నేను పింఛనుదారుణ్ణి నాయనా! నా బిళ్ళ కూడా ఊడదీసుకునిరి!" అని బతిమాలాను.

అండాలోంచి కొండప్ప నాయుడి మాట గుమ్మని వచ్చింది. "నమ్మొద్దురా రామా! పని మానినవాడు అంత సంతోషంగా అరుస్తాడా?"

పనిలో ఉన్నాననడానికి కావలసినన్ని రుజువులు చూపించవచ్చు. పని లేదనడానికి ఏం చూపించాలి? అరచేతులు చూపించాను. డవాలు విప్పి నేల మీద వేశాను. అది చూసి వాడు ఇంకో రెండు మట్టలు పైకి పాకాడు. ఈలోగా మా బావ వచ్చి కిర్రుకిర్రుమంటూ ఏడవసాగాడు. అయ్యవారు పందిట్లోంచి, "ఇంక కాసేపే ఉండాది!" అని కేకలు. పిల్ల పెళ్ళి నా మూలాన ఆగిపోతుందని అప్పుడు గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు. మొదటిసారి నా గొంతు కూడా పోయింది.

అప్పుడు వచ్చింది ఆండాళ్ళు. నేల మీది డవాలు చూసింది. చెట్టు చూసింది. నన్ను చూసింది.

"చలా?" అంది.

ఆ తరువాత ఆవిడ అన్నవన్నీ చెబితే మీకు నా మీద ఉన్న కాస్త గౌరవమూ పోతుంది. కొన్ని మాత్రం చెబుతాను. "ఈయన కోర్టు మనిషంట, కోర్టు మనిషి! ఇంట్లో ఆవు వినదు ఈయన మాట! మొన్న పప్పులో రెండుసార్లు ఉప్పేసి, ఒకసారి గూడా ఎయ్యలేదని సాధించినాడు! పొద్దంతా చింతపండు పిసికేది, వాకిట్లో కాకిని పేరు పెట్టి పిలిచేది! మాట్లాడండి, ఇప్పుడు మాట్లాడండి!"

నేను తల వంచుకుని నిలబడ్డాను. ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగితే కూడా నోరెత్తలేదు.

అండా కాస్త పైకి లేచింది. కింద రెండు కళ్ళు కనబడ్డాయి.

"రామా, నిజమేరా! ఇన్ని తిట్లు తిని పలక్కుండా నిలబడినాడంటే ఈయన సర్కారు మనిషి గాదు. మనలాంటోడే!"

కానీ పెళ్ళికొడుకు దిగడే. ఎక్కేటప్పుడు భయం ఎక్కించింది, దిగేటప్పుడు భయమే దిగనివ్వడం లేదు. కళ్ళు మూసుకుని చెట్టును కావలించుకున్నాడు. అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. అంతలో పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, మెళ్ళో పూలదండతో మా లచ్చుమి జనాన్ని తోసుకుంటూ చెట్టు మొదటికి వచ్చింది. కొంగు నడుముకు చుట్టింది. తల పైకెత్తింది.

"ఏమయ్యా, నువ్వు దిగతావా, నన్ను ఎక్కమంటావా?"

పిడుగు దిగినట్టు దిగాడు. ఛాతీ అంతా గీరుకుపోయింది, పట్టుపంచె సగం చెట్టుకే ఉండిపోయింది. అయ్యవారు తిట్టుకుంటూనే మంత్రాలు చదివారు. మంత్రమేదో తిట్టేదో తెలియని వేగంలో తాళి పడింది. జొన్నచేలోని చుట్టాలు సాంబారు వాసన తగిలాక ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. నాకు మాత్రం ఎవరూ ఎదురుపడలేదు. నేను తమలపాకులు నోటినిండా కుక్కుకుని పందిరి మూల కూర్చున్నాను.

సాయంత్రం కొండప్ప నాయుడు నా పక్కకు వచ్చి చతికిలబడ్డాడు. కొడతాడేమోనని సర్దుకున్నాను.

"అన్నా, ఒక మాట. మా చేలో కంకులు పాలుపోసుకున్నాయి. చిలకలు వచ్చి పడతాండాయి. డప్పు కొట్టినా కదలవు, ఒడిసెల విసిరినా కదలవు. మీరొచ్చి మంచె మీద నిలబడి పిలిస్తే..."

"చిలకల్నా?"

"ఎవర్నైనా సరే, పిలిస్తే చాలు."

నాకు కళ్ళు చెమర్చాయి. కూలి ఎంతని అడగలేదు, అన్నం ఎవరు పెడతారని అడగలేదు. "డవాలు వేసుకోవచ్చునా?" అని ఒక్కటే అడిగాను.

అప్పటినుంచి కంకి పట్టే కాలమంతా నా కాపురం వాళ్ళ చేలోనే. ఆవు మళ్ళీ చేపుతోందని, ఇంట్లో అందరూ కులాసా అని ఆండాళ్ళు కబురు పెడుతూ ఉంటుంది. నన్ను తిరిగి రమ్మని మాత్రం ఎప్పుడూ అనలేదు.

మొదటి ఏడు ఆ మంచె ఎక్కగానే, తూర్పు తిరిగి, చెయ్యి గుండెల మీద పెట్టుకుని ఒక ఘోర ప్రమాణం చేశాను. "సూర్యుడి మీద ఆన! ఈ చేని మీద ఆన! ప్రాణం పోయినా ఇక ఏ పెళ్ళిలోనూ, ఏ పెళ్ళికొడుకునూ పిలవను! పక్షులారా, మీరే సాక్షులు!"

ప్రమాణం ముగించి చూద్దును గదా, కనుచూపు మేరలో ఒక్క సాక్షీ మిగల్లేదు.