కొక్కానికి మిగిలిన బిళ్ల

నా పెద్ద కొడుకు పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను దండెం మీది బట్టలు తీస్తున్నాను. ఫోను చేసింది వాడి బస్సు డ్రైవర్. "అమ్మా, బాపు ఉన్నడా? జర బాపుకియ్యి ఫోను" అన్నాడు. ఎప్పుడు చేసినా ముందు "తిన్నవా అమ్మా" అని అడిగే పిల్లవాడు ఆ రోజు అడగలేదు. ఫోను మా ఆయన చేతిలో పెట్టాను. మా ఆయన ఫోను చెవికి పెట్టుకుని చాలాసేపు విన్నాడు. చివరికి ఒకటే మాట అడిగాడు.

"బిళ్ల ఎవరిది?"

డ్రైవర్ ఏం చెప్పాడో నాకు వినపడలేదు. మా ఆయన మాత్రం పక్క క్వార్టర్ వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

నేను ఐదో తరగతి దాకానే చదివాను. నా కొడుకుతో యాత్రలు తిరిగినవాళ్లు వాడి కోసం ఒక చిన్న పుస్తకం వేస్తున్నామని, తల్లిగా నువ్వు కూడా రాయాలని అడిగితే రాస్తున్నాను. తప్పులు మా చిన్న బిడ్డ దిద్దింది.

బిళ్ల సంగతి ముందు చెప్పాలి. మా ఆయన గోదావరిఖనిలో భూమి లోపలి గనిలో పనిచేశాడు. గని మనిషికి నంబరు కొట్టిన బిళ్ల ఒకటి ఉంటుంది. దిగేముందు దీపాల గదిలో బిళ్ల ఇచ్చి, తలకు కట్టుకునే దీపం తీసుకుంటాడు. ఆ బిళ్లను బోర్డు మీద కొక్కానికి తగిలిస్తారు. షిఫ్టు దిగి పైకి వచ్చాక దీపం ఇచ్చేసి తన బిళ్ల తాను తీసుకుంటాడు. అందరూ ఇళ్లకు పోయాక కూడా కొక్కానికి బిళ్ల ఉంటే, ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. ఒకరి బిళ్ల ఇంకొకరు ముట్టరు.

చిన్నప్పుడు వాడు ఆ బోర్డు పిచ్చిలో పడ్డాడు. ఇంట్లో తలుపు పక్కన ఒక మేకు కొట్టించుకుని, సోడా మూతకు దారం కట్టి, ఆడుకోవడానికి పోయేటప్పుడు దానికి తగిలించి పోయేవాడు. వచ్చాక తీసుకునేవాడు. నేను పొయ్యి దగ్గర కూర్చునే మేకు వైపు చూసేదాన్ని. మూత ఉంటే వాడు బయట, లేకపోతే ఇంట్లో. పిలవాల్సిన పనే ఉండేది కాదు.

"నువ్వు బజారుకు పోతె నీది గూడ పెట్టి పో అమ్మా" అనేవాడు.

"నేనెటు పోతరా, పోయి మళ్ల రానా?"

"గనిల దిగేటోళ్లు గూడ గట్లనే అనుకుంటరు."

అంత చిన్న నోట అంత పెద్ద మాట వచ్చిందని ఆ రోజు వాడి నోరు మూశాను.

పెద్దయ్యాక వాడికి గని కంపెనీలో కొలువు రాలేదు. కొన్నాళ్లు బసంత్‌నగర్‌లో లారీల ఆఫీసులో పనిచేశాడు. అక్కడ బుద్ధి నిలవక, మా క్వార్టర్ల లైన్‌లోని రిటైరైన వాళ్లను బస్సులో యాత్రలకు తీసుకుపోవడం మొదలుపెట్టాడు. ముందు గుళ్లకు. తరువాత ఎక్కడ విన్నాడో, గుజరాత్ అన్నాడు. సింహాల అడవి, ద్వారక సముద్రం, చివరికి కచ్‌లో ఉప్పు ఎడారి. వాళ్ల బాపుకు నవ్వు వచ్చింది.

"ఉప్పు చూసుడేందిరా? ఇంట్ల డబ్బా మూత తీస్తె కనవడదా?"

వాడు నవ్వలేదు. "గనిల నీ చూపు ఎంత దూరం పోతుండె బాపు? దీపం పోయినంత దూరమే గద. గక్కడ చూపు ఆగది. ఒక్కసారన్న ఆగని జాగ చూడాలె మీరు" అన్నాడు. మరునాడు మా ఆయన ఒక పాత చెక్క పలక తెచ్చి, వరుసగా కొక్కాలు కొట్టి, బస్సు తలుపు పక్కన పెట్టుకొమ్మని ఇచ్చాడు.

వాడి బస్సు ఎక్కినవాళ్లకు ఆ బోర్డు తెలుసు. ప్రతి ఒక్కరికీ వాడు ఒక నంబరు బిళ్ల ఇచ్చేవాడు. బస్సు దిగేటప్పుడు ఎవరి బిళ్ల వాళ్లు కొక్కానికి పెట్టాలి. ఎక్కేటప్పుడు తీసుకోవాలి. అందరికంటే ముందు వాడు తన బిళ్ల పెట్టి దిగేవాడు, అందరికంటే చివర తీసుకునేవాడు. ఒక్క బిళ్ల ఉన్నా చక్రం కదలదు. ముసలివాళ్లు విసుక్కునేవాళ్లు. "ఇంకెన్నేండ్లురా మాకీ డ్యూటీ" అని ఒక కాక తిడితే, "సంతకం పెట్టు కాక, షిఫ్టు అయిపోయింది" అని నవ్వించేవాడు.

అడవిలో జీపు ఆపి సింహాన్ని చూపించిన రోజు ముచ్చట వాడు ఎన్నిసార్లు చెప్పినా నేను నవ్వేదాన్ని. అది చెట్టు కింద పడుకుని కన్ను కూడా తెరవలేదట. ఆ కాక చాలాసేపు చూసి, "అరే, మా గని సారు లెక్కనే ఉన్నది. మనల్ని చూసినా లేస్తలేదు" అన్నాడట. జీపులో అందరూ నోటికి కొంగులు, రుమాళ్లు అడ్డం పెట్టుకున్నారట, నవ్వు వినపడితే సింహం లేస్తుందని.

సముద్రం సంగతి జ్యోతినగర్ నుంచి పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు చెప్పారు. మోకాళ్ల లోతు నీళ్లలో వాడు ముందు నిలబడేవాడట. ముఖం సముద్రం వైపు కాదు, వీళ్ల వైపు. "నువ్వు సముద్రం చూడవా బిడ్డా" అని అడిగితే, "మీరు చూడుండ్రి. నేను మిమ్మల్ని చూస్త" అన్నాడట. వాడు ఇన్నిసార్లు పోయి సముద్రాన్ని ఎంత చూశాడో నాకు తెలియదు.

ఒకసారి ఏదో బజారులో ఒకాయన తప్పిపోయాడు. దొరికాక బస్సులో అందరూ ఆయన మీద పడ్డారు. నా కొడుకు అందరినీ ఆపి, ముందు నీళ్ల సీసా ఆయన చేతిలో పెట్టాడట. ఇంటికి వచ్చి చెప్పాడు. "తప్పిపోయినోన్ని తిట్టొద్దమ్మా. ఆల్రెడీ భయపడి ఉంటడు. ముందుగాల నీళ్లియ్యాలె." ఈ మాట నాకు మళ్లీ అవసరం పడుతుందని అప్పుడు తెలియదు.

నేను ఒక్క యాత్రకూ పోలేదు. బస్సు నాకు పడదు. మా ఆయనకు ఊపిరి బాధ, విడిచి పోలేను. "వచ్చేసారి నువ్వు రావాలె" అని ప్రతిసారీ అనేవాడు, "వస్త తియ్యి" అని ప్రతిసారీ అనేదాన్ని.

చివరి యాత్రకు మా పక్క క్వార్టర్ అక్కను తీసుకుపోయాడు. ఆమె పెనిమిటి కూడా గని మనిషే, పోయి చాలా ఏళ్లయింది. అప్పటి నుంచి గడప దాటని మనిషిని, "పెద్దమ్మా, నేనున్న గద" అని ఒప్పించాడు. మా రెండు ఇళ్లకు నడుమ ఒకటే గోడ. ఛాయ్ పెట్టినా, కూర మిగిలినా, నేను గరిటెతో గోడ కొడతాను, ఆమె వస్తుంది. ఆమె కొడితే నేను పోతాను. మా పిల్లలు ఆ సప్పుడు వింటూ పెరిగారు.

ఉప్పు ఎడారిలో కొక్కానికి మిగిలింది ఆమె బిళ్ల.

ఆమె ఎక్కడికీ పోలేదు. బస్సులోనే ఉంది. బిళ్ల తీసుకోవడం మరిచి, వెనక సీట్లో పడుకుంది. నా కొడుకు ఆమెను వెతుక్కుంటూ ఆ తెల్లటి నేల మీద నడిచిపోయాడు. అక్కడే గుండె ఆగింది. వాడికి నలభై నిండలేదు.

బయటివాళ్లయితే ముందు సీట్లు చూసేవాళ్లు. మేము బోర్డును నమ్మే మనుషులం. బోర్డు మీద బిళ్ల ఉంటే మనిషి లోపల ఉన్నాడని ఎన్నో ఇళ్లు ఆశతో కూర్చున్న ఊరు ఇది. "మనోడు బోర్డునే నమ్మిండు" అని మా ఆయన ఒక్కసారే అన్నాడు. ఆ బోర్డు చేసిచ్చింది తానే కాబట్టి మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

వాణ్ని ముందు తెచ్చారు, బస్సు వెనక వచ్చింది. వాడి బిళ్ల అంత దూరమూ కొక్కానికి ఊగుతూనే వచ్చింది. ఎవరి బిళ్ల వాళ్లే తీసుకోవాలి కాబట్టి దాన్ని ఎవరూ ముట్టలేదు. మా ఆయన బస్సెక్కి, బిళ్లతో సహా బోర్డు ఊడదీసి, ఇంటికి తెచ్చి తలుపు పక్కన కొట్టాడు. ఒకప్పుడు సోడా మూత వేలాడిన చోటే. మధ్యాహ్నం ఊరి పక్క ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ చేస్తే మా గోడలు అదురుతాయి. బిళ్ల చెక్కకు తగిలి టక్కుమంటుంది. నేను పొయ్యి దగ్గర నుంచి తల తిప్పి చూస్తాను. ఉంది. అంటే వాడింకా బయటనే ఉన్నాడు.

దినాలు అయిపోయాయి. ఊరంతా వచ్చింది, పక్క ఇంటి అక్క రాలేదు. ఆమె తలుపు మూసే ఉంది. రాకపోతేనే మంచిదనుకున్నాను. వస్తే నా నోటి నుంచి ఏం వస్తుందో నాకే తెలియదు. గోడకు ఆనించి ఉన్న గరిటెను తీసి వేరే చోట పెట్టాను. కానీ గోడ పలచన. ఆమె దగ్గు వినపడేది. గిన్నె సప్పుడు వినపడేది. తరువాత గిన్నె సప్పుడు ఆగింది.

"అటు పొయ్యి అంటుకుంటలేదు" అన్నాడు మా ఆయన, మంచంలో నుంచే.

"నాకెందుకు" అన్నాను.

"నీకెందుకో నాకేం తెలుసు. సప్పుడు లేదని చెప్పిన గంతే."

ఆ పూట అన్నం వండుతున్నాను. ఉప్పు కోసం డబ్బా మూత తీశాను. తెల్లగా ఉంది. చెయ్యి పెట్టలేకపోయాను. అలాగే చూస్తూ నిలబడితే వాడి మాట చెవిలో వినపడ్డట్టయింది. ముందుగాల నీళ్లియ్యాలె. గరిటె ఎక్కడ పెట్టానో వెతికి గోడ కొట్టాను.

మళ్లీ కొట్టాను. వెనక తలుపు దగ్గర నీడ కదిలింది. ఆమె సగమైంది. పిడికిలి మూసుకుని ఉంది. లోపలికి రాలేదు.

"ఎందుకు పిలిచినవే?"

"కూసో అక్కా."

"కూసోను. తిట్టేదుంటె తిట్టు, తిట్టిచ్చుకొని పోత. ఇన్ని దినాలు నువ్వు తిడుతవని చూస్తున్న, నువ్వు తిడుతలేవు."

నేను చెంబుతో నీళ్లిచ్చాను. ఆమె తీసుకోలేదు. "గివి నాకియ్యకు. వాడు గూడ నీళ్ల సీసా పట్టుకొనే పోయిండు నాకోసం."

"అందుకే ఇస్తున్న. తాగు."

తాగింది. తాగి, గడప మీదే కూలబడి, నేను అడగకుండానే చెప్పింది. ఎండకు ఆ తెల్లదనం చూడలేక కళ్లు చీకట్లయ్యాయట. వేరే బస్సువాళ్లెవరో చెయ్యి పట్టి బస్సెక్కించి, మళ్లీ ఫోటోలు దిగడానికి పోయారట. చెయ్యి వాళ్ల చేతిలో ఉండేసరికి బోర్డు సంగతి తోచలేదట. కొంగు ముఖం మీద కప్పుకుని వెనక సీట్లో ఒరిగింది.

"నిద్రల వాడు పిలిచిండే. పెద్దమ్మా, పెద్దమ్మా అని. దూరంకెళ్లి. నేనేమో మనింట్ల ఉన్నట్టు, నువ్వు గోడ గొట్టినట్టు, వాడు ఛాయ్‌కి పిలుస్తున్నట్టు. వస్తున్న బిడ్డా అన్న. అన్ననే అనుకున్న. నోరు లేవలే."

మా ఆయన మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు.

"తర్వాత నన్ను చూసి అందరు కేకలేసిండ్రు. డ్రైవర్ హారన్ కొట్టిండు. నేను కిటికీలకెళ్లి చూసిన. అంత తెల్లగ, వాడొక్కడే నల్లగ, మిరియపు గింజంత. ఆగిండు. తిరిగిండు. వస్తున్నడో పోతున్నడో తెలుస్తలేదు చెల్లే, ఆ జాగ గసొంటిది. వస్తున్నడు వస్తున్నడు అనుకుంటనే ఉన్న. కూసున్నడు."

ఎడారి ఎలా ఉంటుందో వాడు చెప్పాడు, నాకు కనపడలేదు. ఆమె చెబితే కనపడింది.

ఆమె పిడికిలి తెరిచింది. లోపల బిళ్ల. నంబరు అచ్చు అరచేతిలో దిగింది. "గిది నాతోని ఉండొద్దు. గా బోర్డుకే పెట్టు, వాని పక్కకు" అంది.

నేను బోర్డు చూశాను, బిళ్ల చూశాను. పెట్టాలనే అనిపించింది. అబద్ధం చెప్పను. ఇద్దరూ బయటనే ఉండనీ అనిపించింది. కానీ ఆ బోర్డు నాది కాదు. వాడి లెక్క ప్రకారం నడవాలి.

"నువ్వు బస్సెక్కినవు అక్కా" అన్నాను. "వచ్చినోళ్ల బిళ్ల వచ్చినోళ్ల తాననే ఉండాలె. తీస్కపో."

ఆమె వేళ్లను నేనే మళ్లీ మూశాను. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తరువాత ఇద్దరం అన్నం తిన్నాం, ఉప్పు తక్కువైన అన్నం. తన సంగతి కూడా రాయమని ఆమే చెప్పింది, అందుకే రాశాను.

తిన్నాక దండెం దగ్గరికి పోయాం. వాడి సంచిలో వచ్చిన తెల్ల దుప్పటి ఆరేసి ఉంది. యాత్రలో ముసలివాళ్లు కూర్చోవడానికి పరిచే దుప్పటి. మా ఊళ్లో తెల్ల బట్ట ఆరేస్తే బొగ్గు దుమ్ము పడకుండా ఉండదు. రోజూ దులిపే మడత పెడతాను. ఆమె దులపబోయి ఆగింది. ఆమె ఎక్కడ చూస్తున్నదో నేనూ అక్కడ చూశాను. అంత తెల్ల దుప్పటి నడుమ ఒకటే నల్ల చుక్క, మిరియపు గింజంత.

ఇద్దరిలో ఎవరమూ చెయ్యి పెట్టలేదు. గాలికి దుప్పటి కదిలింది. చుక్క కదిలింది. ఇటు వస్తున్నదో అటు పోతున్నదో తెలియక, అలాగే చూస్తూ నిలబడ్డాం.