ఘాటు లేని దుమ్ము

బ్రాడీపేటలో ఓ కాంట్రాక్టరు ఆఫీసులో పనిచేస్తాను. బిల్డింగు సామానుకి కాగితాలు పోగుచెయ్యడం నా ఉద్యోగం. ఒక సిమెంటు బోర్డు తయారవడానికి ఎంత కరెంటు, ఎన్ని నీళ్ళు పట్టాయో, ఎంత పొగ వదిలారో కంపెనీవాళ్ళే చెప్పుకునే పత్రం ఒకటుంటుంది. పర్యావరణ డిక్లరేషన్ అంటారు. దాని ఆకుపచ్చ అట్ట చూసి, సరుకు మంచిదని ఎవరో సర్టిఫికెట్ ఇచ్చారనుకున్నాను. డిక్లరేషన్ అంటే ఉన్నది చెప్పడం, మంచిదని చెప్పడం కాదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని నాలాంటి దాన్ని చూసే అని ఉంటారు.

మా బాబాయిది పర్చూరు, తాపీ మేస్త్రి. మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఆఫీసు గదులకి ఆ బోర్డులు కొయ్యడానికి ఆయన్ని పెట్టించింది నేనే. కోత మిషను ఆన్ చేస్తే గదినిండా తెల్లటి పొడి లేచేది.

"ఏమ్మా, ఈ దుమ్ముతో ఏం కాదుగా?" అని అడిగాడు మొదటిరోజు.

"ఏం కాదు బాబాయ్, కాగితం ఉంది" అన్నాను. ఆ కాగితం నేను చదవలేదు.

"అవున్లే, మిరపకాయల్లో పుట్టి పెరిగినోళ్ళం. దీనికి తుమ్మన్నా రావట్లా" అని నవ్వాడు. మావైపు అంతే. తుమ్ము రాని దుమ్ముని ఎవరూ లెక్కచెయ్యరు.

తర్వాత మూడేళ్ళు ఎక్కడ పని దొరికినా అవే బోర్డులు కోశాడు. ఈ ఏడు మిరప కోతలప్పుడు, మెట్లెక్కలేక మధ్యలో కూర్చుండిపోతుంటే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఊపిరితిత్తుల్లో ఆ బోర్డుల్లోని రాతిపొడి పేరుకుందనీ, అది ఇక పోయేది కాదనీ ఎక్స్‌రే చూపించి చెప్పారు డాక్టరుగారు.

బయట బెంచీ మీద కూర్చున్నాక బాబాయి అడిగాడు. "ఆ కాగితంలో నా పని గురించి ఏం రాశారమ్మా?"

ఫోన్లో తెరిచి, మొదటిసారి పూర్తిగా చదివాను. ఫ్యాక్టరీ గేటు దాకా అన్నీ అంకెలే. గేటు దాటాక మొయ్యడం, కొయ్యడం, బిగించడం అన్న గడుల్లో వరసగా ఒకటే మాట ఉంది: ప్రకటించలేదు. నామీద నాకే అసహ్యం వేసింది.

"గేటు దాకానే చెప్పారు బాబాయ్. తర్వాతది చెప్పలేదు."

చాలాసేపు దగ్గాడు. "అయితే వాళ్ళు అబద్ధమేం చెప్పలేదు."

"లేదు."

"మరి ఏం కాదని నాకు చెప్పిందెవరమ్మా?"

దెప్పడానికి కాదు, నిజంగానే గుర్తులేక అడిగాడు.

"నేనే బాబాయ్" అన్నాను.