గుమ్మడికాయకు యాభై రూపాయలు

రేపల్లె ఆస్పత్రిలో ఆయాగా చేసే రాహేలుకు జీతాల రోజుకన్నా కోర్టు వాయిదాలే బాగా గుర్తుండేవి. భర్త బర్నబాస్ ఆమెనూ, కూతురు మార్తనూ వదిలేసి బాపట్లలో ఇంకొకావిడతో కాపురం పెట్టాడు. తెనాలి వైపు కాలవల మీద తూములు కట్టించే మేస్త్రీ అతను. చేతికింద బోలెడుమంది పనివాళ్ళు. పనులన్నీ కొత్త బావమరిది పేర ఉండేవి. కోర్టుకు మాత్రం చిరుగుల చొక్కాతో వచ్చేవాడు. ఆ చొక్కాను వాయిదాల కోసమే దాచుకున్నాడని మా పల్లెలో అందరికీ తెలుసు.

"కూలోణ్ణండి. వారంలో మూడ్రోజులు పని దొరికితే గొప్పండి," అనేవాడు చేతులు కట్టుకుని.

మనోవర్తి కేసు మళ్ళీ వాయిదా పడేది. రాహేలుకు ఆ పూట జీతం పోయేది. బాకీ తీర్చకపోతే క్రిస్మస్ సెలవుల తర్వాత మార్తను తీసుకురావద్దని, ఆ పిల్ల ఉండి చదువుకునే బోర్డింగువాళ్ళు కూడా చెప్పేశారు.

అరవై ఎనిమిదిలో, భట్టిప్రోలు దగ్గరున్న మా పల్లె గుళ్ళో కోతపండగ వచ్చింది. తొలిపంటలో ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. కాయ విలువెంతైనా, దాన్ని ఎవరు పాడుకున్నారన్నది ఏడాదంతా చెప్పుకుంటారు. పుట్టిన ఊరి పండగ కదా, బర్నబాస్ సిల్కు లాల్చీలో దిగాడు. రాహేలు ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుంది.

గుమ్మడికాయ పాట పదిహేను దగ్గర ఆగింది. పాడింది లూకా, బర్నబాస్ పెదనాన్న కొడుకు.

"ఇరవై," అన్నాడు బర్నబాస్.

లూకా వెనక్కి తిరిగాడు. "నీకెందుకురా తమ్ముడూ? కోర్టులో కూలోణ్ణని చెప్పుకుంటన్నావంటగా. ఆ కూలి డబ్బులు కూటికుంచుకో."

గుడంతా నవ్వింది.

"ముప్పై!"

"ముప్పై రెండు."

"యాభై! పాడన్నా, పాడవేంటి?"

నోట్లు తీసి బల్ల మీద పెట్టాడు. అతని కష్టార్జితాన్ని నూరంతలు చేయమని గుడి పాస్టరు అయ్యగారు ప్రార్థించారు. అందరితోపాటు రాహేలు కూడా ఆమేన్ అంది. అనక ఏం చేస్తుంది?

మర్నాడు ఆమె అయ్యగారిని సాక్ష్యానికి రమ్మని అడిగింది.

"గుళ్ళో సంగతి కోర్టుకెక్కిస్తే బాగుంటుందా రాహేలమ్మా?" అంటూ ఆయన గోడల వంక చూశారు. వాటికి సున్నం వేయించింది బర్నబాసే.

లూకా మాత్రం పిలవకుండానే వచ్చాడు. న్యాయం కోసమని చెప్పలేను. గుమ్మడికాయ పోయిన మంట ఇంకా చల్లారలేదు. "వాయిదా ఎప్పుడమ్మాయ్? నే వస్తా పద," అన్నాడు.

"గుమ్మడికాయకు యాభై రూపాయలా?" అని లూకా సాక్ష్యం విన్న మేజిస్ట్రేటుగారు కళ్ళజోడు తీశారు.

అబద్ధమండి అంటే సరిపోయేది. కానీ ఎదురుగా లూకా నవ్వుతూ నిలబడ్డాడు. బర్నబాస్‌కు రోషం ఆగలేదు. "దేవుడికిచ్చానండి. నిరుడు నలభై ఇచ్చాను, కావాలంటే ఆణ్ణే అడగండి!"

అతని ప్లీడరు నెత్తి పట్టుకున్నాడు.

నెలకు పాతిక ఇమ్మని ఉత్తర్వయింది. మొదటి పాతిక అందిన రోజున రాహేలు బోర్డింగు బాకీలో సగం కడతానని కబురు పంపి, కోర్టు వరండాలో కూలబడింది.

"డబ్బు ముట్టిందిగా, ఇంకా కూర్చున్నావేంటమ్మా?" అన్నాడు గుమస్తా.

"వెళ్తానండి. వచ్చే నెల ఆయనెటూ కట్టడు, మళ్ళీ నిలబడాలిగా. ఇవాళ కాసేపు కూర్చోనీయండి."