ఎర్ర పెట్టె లేని బండి

బాలమ్మ చెయ్యి కాలింది గుత్తేదారు మనుషుల నిర్వాకం వల్ల. పని పోయింది మాత్రం బాలమ్మకు.

నా ఉద్యోగంలో అది చివరి వానాకాలం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడింటా శానిటరీ జవానుగా పనిచేశాను. జవానంటే ఇన్‌స్పెక్టరు కింద, చెత్త ఎత్తే కార్మికుల మీద పెత్తనం చూసేవాడు. ఇది ఏ పట్టణంలో జరిగిందో రాయను. ఏడో తరగతితో బడి మానేసి, మందుల డబ్బాల మీది అక్షరాలు చదువుకుంటూ పని నేర్చుకున్నవాణ్ణి. తడి చెత్త, పొడి చెత్త, సూదులు, బ్యాటరీలు, రసాయనాల వంటి ప్రమాదకర చెత్త వేర్వేరుగా తీసుకోవాలని నిబంధన. మూడో రకానికి బండిలో మూత ఉన్న ఎర్ర పెట్టె ఉండాలి. గుత్తేదారు బండికి అది లేదు. ఎప్పుడడిగినా రేపు అనేవాడు.

చీరల నూలుకు రంగు అద్దే రామలింగం ఇంట్లో హైడ్రోస్ అనే తెల్లపొడి మిగిలేది. చెమ్మ తగిలితే అది తనంత తానే కాగి అంటుకుంటుంది. వానలకు పాడవుతుందని అద్దకంవాళ్లు మిగిలింది మోరీలో పోసేవారు. వద్దన్నాను.

"మా నాయిన కాలంకెల్లి మోరీలనే పోస్తున్నం జవాన్ సాబ్. ఇయ్యాల నీకేం పరేషాన్ వచ్చింది?" అని నవ్వాడు రామలింగం.

పదే పదే తిరగ్గా, పొడిని బిగుతు మూత డబ్బాలో పెట్టి ఇచ్చాడు. పెట్టె లేదు కనుక డ్రైవరు నర్సింహులు చేతికే ఇచ్చి, తడవకుండా సీటు కింద పెట్టుకొమ్మన్నాను.

వీధి మలుపు తిరగ్గానే అతను పొడిని తడి చెత్త మీద గుమ్మరించి డబ్బా దాచుకున్నాడు. బండి వెనక చెత్త వేరుచేస్తున్న బాలమ్మ పొగ చూసి, తాగే నీళ్ల సీసా ఒంపింది. మంట భగ్గుమని లేచింది. కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది.

"డబ్బా మంచిగుండె సార్. కారం పోసుకుంటదని మా ఇంటామె కోసం తీసిపెట్టిన" అన్నాడు నర్సింహులు, తప్పేమీ లేనట్టు. ఆ డబ్బాలో కారం! చేతిలోంచి లాక్కున్నాను.

బాలమ్మే బీడీ నిప్పు పడేసిందని గుత్తేదారు కాగితం రాయించి, ఆమెను పనిలోంచి తీసేశాడు. దవాఖానలో కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని బాలమ్మ అంది: "నేను బీడీ తాగంగ ఎవడు సూసిండు సార్? ముట్టిచ్చినోడు బండి తోలుతుండు. ఆర్పబోయినదాన్ని నేను ఇంట్ల కూసున్న. గిదేం ఇన్సాఫ్?"

బండికి పెట్టె లేదని, పొడి పోసింది డ్రైవరేనని, బాలమ్మను తిరిగి తీసుకోవాలని పై ఆఫీసుకు రాశాను. జవాబు రాలేదు. మళ్లీ రాశాను. రిటైరయ్యాక కూడా మానలేదు.

జనానికి చెత్త వేరుచేయడం తెలియదని సభల్లో ఉపన్యాసాలిస్తారు. జనం వేరుచేసే ఇచ్చారు. తీసుకెళ్లే బండిలో దానికి చోటుందో లేదో చూడకుండా గడపగడపకూ వెళ్లి నీతులు చెప్పకూడదు. ఆ ఉదంతం నాకు నేర్పింది ఇదే.

చివరికి వచ్చిన జవాబు ఇది: "సదరు వాహనమునకు ప్రమాదకర చెత్త పెట్టె అమర్చబడియున్నట్లు గుత్తేదారు ధ్రువీకరించియున్నారు. కావున మీరు పేర్కొన్న విధముగా ప్రమాదము జరుగుటకు అవకాశము లేదు. కార్మికురాలి విషయము ఇంతటితో ముగించడమైనది."