కళ్లం మీద నెర్రె

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, వేముల దగ్గర మా అత్తగారి ఊళ్లో ముగ్గురాయి గని మూసేశారు. ఆ ఏడాదే మా బావికి నీళ్లొచ్చాయి. అన్నాళ్లూ గనిలో ఊట తోడిపోసే ఇంజను మా బావినీ ఎండబెట్టింది. అది ఆగాక సొరంగాలు నిండాయి, బావీ నిండింది. ఆ నీళ్లతో కందిపప్పు ఉడికి చచ్చేది కాదు. అయినా మా మామ సంబరం అంతా ఇంతా కాదు.

ఆ సంబరంలోనే గని పక్కన చదును నేలను కళ్లానికి ఎంచుకున్నాడు. అదే గనిలో పనిచేసిన నా మొగుడు వద్దన్నాడు.

"దీని కిందంతా డొల్ల నాయనా. పైకప్పుకు ఆనించిన దుంగలు నీళ్లలో నానుతాండాయి."

"నీళ్లు నిండినాక డొల్ల యాడుంటాదిరా?" అన్నాడు మామ.

తండ్రికి రెండోసారి ఎదురు చెప్పే రకం కాదు మా ఆయన.

కళ్లం అలికే పని నాది. సాయంత్రం నీళ్లు చల్లి పేడతో అలికాను. పొద్దున చూస్తే సగం గాజులా వంపు తిరిగిన నెర్రె. మళ్లీ అలికాను. మళ్లీ అక్కడే, ఈసారి వేలు దూరేంత.

"పేడ పల్చగా కలిపినావు మ్మే" అన్నాడు మామ.

నాకు ఒళ్లు మండింది. నా అలుకుడికి వంక పెట్టినవాళ్లు అంతవరకూ పుట్టలేదు. ఎండకు పగిలే నెర్రెలు అడ్డదిడ్డంగా పోతాయి. ఇది గుండ్రంగా తిరిగిందంటే నేల కిందికి దిగుతోందనే. అక్కడ కొర్ర పరిచి ఎద్దులతో తొక్కిస్తే, వాటి వెనక తిరిగేది నా మొగుడు.

ఎద్దులను తోలుకొచ్చిన రోజు దారికి అడ్డంగా కూర్చున్నాను.

"ఈడ తొక్కించేది లేదు మామా. కాదంటే నన్ను తొక్కించుకోని పోండి."

కోడలు నడిదారిలో కూర్చుంటే ఊరంతా చూసింది. మామ చర్నాకోల విసిరికొట్టాడు. చివరికి తిట్టుకుంటూనే గుట్ట కింద బండ మీదికి కళ్లం మార్చాడు. నూర్పిళ్లు అయ్యేదాకా దెప్పుతూనే ఉన్నాడు: "మా కోడలికి భూమి చెవిలో చెప్తాది!" నేను ఒక్క మాటకూ చిన్నబోలేదు.

కొర్రలు ఇల్లు చేరాక ఒక వాన పడింది. మర్నాడు మధ్యాహ్నం పెద్ద చప్పుడైతే పరుగెత్తాం. నేను అలికిన కళ్లం సగానికి పైగా లేదు. లోపల నల్లటి నీళ్లలో ఒక దుంగ తేలుతోంది. అంచుకు పోయిన మామను మా ఆయన రెక్క పట్టి వెనక్కి లాగాడు.

ఇంటికొచ్చాక మామకు సంగటి పెట్టాను. ముద్ద చేతిలోనే పట్టుకుని, తల ఎత్తకుండా అన్నాడు.

"పేడ చిక్కగానే కలిపినావులే మ్మా."